సాల్ట్ లేక్ ఫైనల్ చూసొచ్చిన నా కొడుక్కి

హైదరాబాద్,
4 సెప్టెంబర్ 2023

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు మాట్లాడింది తక్కువ, ఊరుకున్నది ఎక్కువ. కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో మీ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ చేతిలో ఓడిపోయిందని బాధ ఉంటుంది, దానికి నేనేమీ అనను. కానీ మోహన్ బగాన్ అభిమాని అని రూమ్మేట్‌తో మాటలు మానేశానన్నావే, అది విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఫోన్‌లో చెబితే సగంలోనే 'సరే అమ్మా' అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మ్యాచ్ నేనూ మొత్తం చూశాను. వాళ్ల ఆటగాడు అనిరుధ్ థాపాకి రెడ్ కార్డ్ చూపించగానే కప్పు ఇక మీదే అనుకున్నాను. ఇంకా అరగంట ఆట ఉంది, అటువైపు పదిమందే. అలాంటప్పుడు ఏ టీమ్ అయినా వెనక్కి తగ్గి గోల్ కాపాడుకుంటుంది. వాళ్లు అలా చేయలేదు. 71వ నిమిషంలో పెట్రాటోస్ బంతి తీసుకుని పరుగెత్తి, లోపలికి తిరిగి, బాక్స్ బయట నుంచే ఎడమకాలితో కొట్టాడు. ఆ ఒక్క గోల్‌తోనే అయిపోయింది. 2004 తర్వాత డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఈ రెండు టీమ్‌లు ఎదురుపడటం ఇదే మొదలు. అప్పుడు మీరు గెలిచారు. నిన్నటి దాకా చెరో 16 కప్పులు, ఇప్పుడు వాళ్లకి 17. నీకు కడుపు మండటం నాకు అర్థమవుతుంది. అయినా పదిమందితో ఆడి గెలిచినవాళ్లను మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? నాలుగేళ్లకు పైగా డెర్బీ, అంటే ఈ రెండు టీమ్‌ల పోరు, గెలవని మీ టీమ్ ఆగస్టు 12న నందకుమార్ గోల్‌తో గెలిచినప్పుడు నీ రూమ్మేటే కదా నీకు టీ ఇప్పించాడు?

నీకు ఎరుపు, బంగారు రంగు జెర్సీ మీద ప్రేమ ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అది తాత పెట్టిన పిచ్చి. ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడని, సిటీ పోలీస్ టీమ్‌లో ఆడి ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడని, 1961లో దానికి కెప్టెన్ అయ్యాడని తాత నీకు అన్నం తినిపిస్తూ చెప్పేవాడు. ఆ కథలో సగమే నీకు గుర్తుంది. మిగతా సగం నేను చెబుతాను.

తాత పోలీసు ఉద్యోగంలో చేరిన రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ అంటే దేశమంతా భయపడే ఫుట్‌బాల్ టీమ్. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో వాళ్లు ఓడించింది మోహన్ బగాన్‌నే. 1957లో ఫైనల్లో ఓడించింది ఈస్ట్ బెంగాల్‌ని. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు మనదే. ఆ టీమ్‌ని తయారు చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నియమంతో ఆయన పోటీలు పెట్టించేవారు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి. అలా ఆడితే ఎవడి గొప్ప వాడు చూపించుకోవడం కుదరదు, పక్కవాడు ఎక్కడున్నాడో చూసుకుంటూ ఉండాల్సిందే. ఆ ఆట చూసినందుకేనేమో, తాత ఒంటరిగా బంతి తీసుకుపోయేవాడిని ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఈరోజు తేదీ చూశావా? 1962లో సరిగ్గా ఇదే రోజున జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్ జరిగింది. మనవాళ్లు దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. కోచ్ రహీం గారే. అప్పటికే ఆయనకు క్యాన్సర్, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆ టీమ్ కెప్టెన్ చునీ గోస్వామి, మోహన్ బగాన్ తప్ప వేరే క్లబ్ ఎరగని మనిషి. అదే టీమ్‌లో నీ బలరాం. కలకత్తాలో ఒకరి మీద ఒకరు గోల్ కొట్టాలని చూసే ఇద్దరు అక్కడ ఒకరికొకరు బంతి అందించుకున్నారు. ఈ మాట నీ రూమ్మేట్‌కి చెప్పు. వాడికి చునీ గురించి తెలిసే ఉంటుంది, రహీం గారి గురించి తెలియకపోవచ్చు.

ఇక మన హైదరాబాద్ ఆటగాడు మహమ్మద్ హబీబ్ గారు. పోయిన నెల 15న ఇక్కడే, హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. పేపర్లో ఫోటో చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన ఈస్ట్ బెంగాల్‌కీ ఆడారు, మోహన్ బగాన్‌కీ ఆడారు. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ టీమ్ కలకత్తాకి వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబడింది, అందులో ఒక గోల్ ఆయనదే. తమ్ముడు అక్బర్ 1976లో డెర్బీ మొదలైన 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టాడు. నయీముద్దీన్ గారు రెండు క్లబ్బుల్లోనూ ఆడటమే కాదు, రెండింటికీ కోచ్‌గా కూడా పనిచేశారు. వీళ్లంతా మన ఊరివాళ్లు. నువ్వు ఆ స్టేడియంలో ఏ గ్యాలరీలో కూర్చున్నా పరాయివాడివి కాదు. మన హైదరాబాదీలు రెండు వైపులా చెమట చిందించారు. ఒకవైపు ఎంచుకోవడం నీ ఇష్టం, రెండోవైపును ద్వేషించే హక్కు మాత్రం మనకు లేదనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి. చెప్పాలనిపించలేదు గానీ తల్లిని కదా, చెప్పకుండా ఉండలేను. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు టీమ్‌లు ఆడుతుంటే గ్యాలరీలో కొట్లాట మొదలై, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చచ్చిపోయారు. మ్యాచ్ చూడ్డానికి వెళ్లి ఇంటికి రాని పిల్లలు. వాళ్ల పేరు మీద అక్కడ ఏటా రక్తదానాలు చేస్తారు. నువ్వు డెర్బీకి వెళ్తున్నానన్న ప్రతిసారీ నాకు ఇదే టెన్షన్. జెర్సీ వేసుకో, గొంతు పోయేలా అరుచుకో. గేటు దగ్గర ఎవరైనా రెచ్చగొడితే మాత్రం తల వంచుకుని వచ్చేయ్. అది పిరికితనం కాదు నాన్నా.

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారట కదా అక్కడ. అయితే ఇవాళ ఆ అబ్బాయి ఇంట్లో రొయ్యలే. పిలిస్తే వెళ్లు. పిలవకపోతే నువ్వే వెళ్లి 'బాగా ఆడారు' అని చెప్పి, కూర పెట్టమని అడుగు. పెట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి.

ఇక్కడి సంగతులు పెద్దగా ఏం లేవు. నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది. నా చిన్నప్పుడు సాయంత్రం పూట పిల్లలు ఫుట్‌బాల్ ఆడిన ఖాళీ జాగాల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లే, మిగిలిన చోట క్రికెట్. రహీం గారి తర్వాత మంచి ఆటగాళ్లంతా కలకత్తా బాట పట్టారు, ఇక్కడ వాళ్లని నిలబెట్టుకునే క్లబ్బులు లేకపోయాయి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. అయినా పోయినేడాది మన హైదరాబాద్ ఎఫ్‌సీ టీమ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రి, గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే, నేను తాత ఫోటో ముందుకెళ్లి గట్టిగా చెప్పి వచ్చాను.

గచ్చిబౌలిలో మ్యాచ్‌లు త్వరలో మొదలవుతాయి. ఈసారి నేనూ వెళ్దామనుకుంటున్నాను, నాన్న వస్తానన్నారు. దసరాకి ఆ అబ్బాయి వాళ్ల ఊరి పూజలు వదిలి రాడు, సంక్రాంతికి వెంటబెట్టుకుని రా. వాడికి అమ్ముగూడ చూపిద్దాం. కారం తింటాడో లేదో ముందే కనుక్కుని చెప్పు.

మీ అమ్మ