ఓడిపోయానని రాసిస్తున్నాను

ఒరే అనిమిషం,

ముందు తిట్టడం కానిచ్చెయ్. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే కలం ఆగిపోయింది. క్షేమమే. అమ్మ మోకాలు కాస్త నయం, నా ఉద్యోగం అదే, పిల్ల పరీక్షలు అయిపోయాయి. వార్తలు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది. పదింటికల్లా ముగించాలి, ఎందుకో తర్వాత చెప్తాను.

పందెం గుర్తుందా? మూడో బెంచీలో వెన్ను నిటారుగా పెట్టి, రెండు కళ్ళూ బార్లా తెరిచి నువ్వు తీసిన ఆ చారిత్రాత్మక నిద్ర? సుద్దముక్క వచ్చి భుజానికి తగిలినా చలించలేదు మహానుభావుడివి. అప్పుడు కదా తెలుగు మాస్టారు నీకు నామకరణం చేసింది. "అనిమిషమంటే రెప్పపాటు లేనిదిరా. దేవతలకీ ఆ పేరుంది, చేపకీ ఉంది. వీడు దేవత కాడని మనందరికీ తెలుసు."

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నేనన్నాను, చేప నిద్రపోదు, మూసుకోవడానికి రెప్పలేవీ అని. నువ్వు చాలా తాపీగా, "నాకు రెప్పలున్నాయి, మూసుకున్నానా?" అన్నావు. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఓడినవాడు కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వాలని ఒప్పందం. గొడుగు వాడి సాక్ష్యం కూడా ఉంది, వాడి సాక్ష్యం ఎంత గట్టిదో నీకు తెలిసిందే.

సరే విను. ఆర్నెల్ల కిందట పిల్ల పోరు పడలేక చేపల తొట్టె కొన్నాం. పది జీబ్రా చేపలు, మూడు క్లౌన్ లోచ్‌లు. లోచ్ అంటే నారింజ ఒంటి మీద మూడు నల్ల పట్టీలతో, మూతికి చిన్న మీసాలతో ఉండేది. మొన్న ఆదివారం మధ్యాహ్నం పిల్ల వచ్చి మెల్లగా, "నాన్నా, పెద్దది చచ్చిపోయింది" అంది. వెళ్ళి చూస్తే నిజమే. దుంగ పక్కన, ఇసుక మీద, ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది. కన్ను తెరిచే ఉంది. గాజు మీద వేలితో కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు పిల్ల తన పెన్సిళ్ళ డబ్బా ఖాళీ చేసి, అడుగున దూది పరిచి తెచ్చింది. దాని ముఖం చూడలేకపోయానురా.

వల పట్టుకుని చేప కింద మెల్లగా దూర్చి పైకి లేపానో లేదో, శవం ఎగిరింది! నీళ్ళు నా కళ్ళద్దాల మీద, చొక్కా మీద, దూది మీద. అంతటితో అయిందా? ఈ జాతికి కంటి కింద ఒక ముల్లు ఉంటుంది. మామూలప్పుడు మడిచిపెట్టుకుంటుంది, భయపడితే నిక్కబొడుచుకుంటుంది. అది వెళ్ళి వల కన్నంలో ఇరుక్కుంది. లాగితే కంటికి దెబ్బ. చేపని నీళ్ళలోనే ఉంచి, ముంజేతుల దాకా ముంచి, గోళ్ళు కత్తిరించే చిన్న కత్తెరతో వలని ఒక్కో పోగూ కోసుకుంటూ వచ్చాను. అది చిటపటమంటూ నన్ను తిడుతూనే ఉంది. నిజం, ఆ చప్పుడు బయటికి వినపడుతుంది. చివరికి వదిలించుకుని దుంగ కిందికి దూరింది. పిల్ల తడిసిన డబ్బా పట్టుకుని నా వైపు చూసి, "అది పడుకుంది నాన్నా. నువ్వు లేపేశావు" అంది.

ఆ గొంతులో నువ్వు వినిపించావు. ఒట్టు.

ఆ రాత్రి ఇక కూర్చున్నాను. ఒంటిగంట, ఇల్లంతా చీకటి, టార్చికి తువ్వాలు చుట్టి. పగలంతా ఒకదాన్నొకటి తరుముకునే జీబ్రా చేపలు నీళ్ళలో వేలాడదీసినట్టు నిలబడి ఉన్నాయి. తోక కొంచెం కిందికి జారింది. మొప్పలు మాత్రం మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ. పగలు గాజు మీద ఒక్క దెబ్బ వేస్తే పదీ పది దిక్కులకి పోతాయి. ఇప్పుడు ఒకటి, రెండు, మూడు... నాలుగోదానికి ఒకటి కదిలింది, అదీ "ఏమిట్రా నీ గోల" అన్నట్టు. రెప్పలతో పనిలేదట, నిద్రకి అసలు పరీక్ష ఇదేనట. కదలిక తగ్గాలి, ఒక పట్టాన లేవకూడదు, లేపితే మాత్రం లేవాలి (లేవకపోతే అది వేరే సంగతి), నిద్ర చెడగొడితే తర్వాత ఆ బాకీ తీర్చుకోవాలి.

ఆ బాకీ లెక్క కూడా చూశారు. 2007లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఈ జీబ్రా చేపలకే నిద్ర పట్టగానే చిన్నగా కరెంటు తగిలించి లేపుతూ పోయారు. తర్వాత చీకట్లో వదిలితే మామూలు కంటే ఎక్కువ నిద్రపోయాయి. కానీ లైటు వేసే ఉంచి మేలుకోబెట్టిన చేపలు బాకీ ఊసే ఎత్తలేదు, వెలుగే నిద్రని అణిచేసింది. 2019లో స్టాన్‌ఫోర్డ్ నుంచే ఇంకో పరిశోధన. జీబ్రా చేపపిల్లల ఒళ్ళు గాజులా పారదర్శకం కదా, నిద్రపోతుంటే మెదడు మొత్తాన్నీ సూక్ష్మదర్శినిలో చూశారు. మన గాఢనిద్రని పోలినది ఒకటి, మనకి కలలొచ్చే దశని పోలినది ఇంకొకటి. ఆ రెండోదాంట్లో ఒళ్ళు సడలిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, కళ్ళు మాత్రం మనలా అటూ ఇటూ కదలవు. అంటే నిద్రకి ఈ మూలం 45 కోట్ల ఏళ్ళ కిందటే పడి ఉండాలని వాళ్ళ అంచనా. నీ మూడో బెంచీ దానిముందు ఎంత!

చేపలకి కలలు కూడా... సరే, అది ఇప్పుడొద్దు, మళ్ళీ పందెం అవుతుంది.

నీకు నచ్చేది ఒకటుంది. పగడపు దిబ్బల్లో ఉండే కొన్ని పారట్ చేపలు రాత్రి పడుకునే ముందు ఒంటి చుట్టూ జిగురుతో సంచీ అల్లుకుంటాయి. దానికి గంట దాకా పడుతుందట. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొన్ని చేపలకి ఆ సంచీ మెల్లగా తీసేసి చూస్తే, రక్తం పీల్చే చిన్న పురుగులు వాటినే ఎక్కువగా కుట్టాయి. దోమతెరరా! రోజూ కొత్త దోమతెర. దాని కొసలు పరుపు కిందికి దోపలేక నువ్వు చేసిన యుద్ధం గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

నా పరువు కోసం ఒక్క ముక్క. చైనా, జపాన్ బౌద్ధ ఆరామాల్లో చెక్కతో చేసిన చేపని వాయిస్తూ సూత్రాలు చదువుతారు. చేప కన్ను మూయదు, నువ్వూ మేలుకుని ఉండు అని. కాబట్టి నాలా పొరబడ్డవాళ్ళు మామూలు మనుషులు కారు. అసలు నిద్రని తగ్గించుకున్న చేపలూ ఉన్నాయి, మెక్సికో గుహల్లో గుడ్డివి. అదే జాతి పైన ఏరుల్లోనూ ఉంది, అవి చక్కగా నిద్రపోతాయి. గుహల్లోవి చాలా తక్కువ. తగ్గించుకున్నాయన్నాను, మానేశాయనలేదు. గమనించు, నిజాయితీగా రాస్తున్నాను.

ఇప్పుడు సంతకం. ఆ రోజు నువ్వన్నది "ప్రతి చేపా నిద్రపోతుంది" అని. నాకు బాగా గుర్తుంది. మరి సొరచేప మాటేమిటి? తెల్ల సొర లాంటివి ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీళ్ళు వెళ్తాయి, ఆగితే ఊపిరాడదు. ట్యూనా కూడా అంతే. అన్ని సొరలూ అలా కాదులే. నర్స్ సొరలు అడుగున పడుకుని నోటితో నీళ్ళు తోడుకుంటాయి. 2022లో న్యూజిలాండ్ దగ్గరుండే డ్రాఫ్ట్స్‌బోర్డ్ సొరల్ని చూస్తే, నేలకి అతుక్కుని పడుకున్నప్పుడు ఆక్సిజన్ వాడకం పడిపోయింది. కళ్ళు? ఒక్కోసారి తెరిచే ఉన్నాయట. నీలాగే. అక్కడా నువ్వే గెలిచావు, పో. కానీ క్షణం ఆగకుండా ఈదేవి ఉన్నాయే, వాటి సంగతి నువ్వు తేల్చేదాకా నేను

పదైంది. నేను రాసేది తొట్టె ఉన్న గదిలోనే, నా గాజు పరీక్ష సంగతి తెలిసినప్పట్నుంచీ ఇక్కడ పది దాటితే లైటు ఉండకూడదని పిల్ల ఆజ్ఞ. స్విచ్చి మీద చెయ్యి వేసి నిలబడింది. సంతకం ఒక్కటీ పెట్టి