ఇకపై ఫోన్‌లో రేటు చెప్పం

మా చేత ఇల్లు మార్పించుకున్న వాళ్లకీ, త్వరలో మారబోతున్న వాళ్లకీ నమస్కారం.

పోయిన నెల ఒక రోజు పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ వచ్చింది. "ఏడింటికల్లా లారీ పంపిస్తామన్నారు, ఇంకా రాలేదేంటండీ?" అని ఒకావిడ అడిగారు. బుకింగ్ పుస్తకం మొత్తం తిరగేశాను. ఆవిడ పేరు లేదు, నంబరూ లేదు. విషయం ఏంటంటే, మా పేరులో ఒక్క అక్షరం మార్చి ఎవరో ఆవిడతో బేరం మాట్లాడారు. సగం డబ్బు అడ్వాన్స్ పేరుతో ఒక మనిషి సొంత ఖాతాలో వేయించుకున్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. సాయంత్రానికి ఇంటి తాళాలు ఓనరుకి అప్పజెప్పాలి. అట్టపెట్టెల మధ్య కూర్చుని ఆవిడ మాట్లాడుతుంటే గొంతు వణుకుతోంది. మా లారీలు రెండూ బయట ఉన్నాయి, మధ్యాహ్నం దాటాక గానీ ఒకటి పంపలేకపోయాం.

సామాను ఎక్కిస్తున్నప్పుడు ఆవిడ ఒక మాట అన్నారు. "మీరు కూడా ఇల్లు చూడకుండానే రేటు చెబుతారు కదండీ. వాళ్లూ అలాగే చెప్పారు. అందుకే నాకు అనుమానం రాలేదు." నేను జవాబు చెప్పలేకపోయాను. ఏళ్ల తరబడి మేం చేస్తున్నదీ అదే. మోసగాళ్లు నడిచే దారిలోనే మేమూ నడుస్తుంటే, ఎవరు అసలో ఎవరు నకిలీయో మీకెలా తెలుస్తుంది?

అందుకే ఆ పద్ధతి మానేశాం. ఇకపై మా మనిషి ఇంటికి వచ్చి చూడాలి, లేదా మీరు వీడియో కాల్‌లో గది గది చూపించాలి. ఆ తర్వాతే కొటేషన్, అదీ కాగితం మీదే.

ఈ వ్యాపారంలో మోసం చాలావరకు ఆ చూడని రేటు దగ్గరే మొదలవుతుంది. ముందు అందరికన్నా తక్కువ చెబుతారు. సామాను లారీ ఎక్కి తలుపు పడ్డాక, "అనుకున్నదానికన్నా ఎక్కువుందండీ" అంటారు, రేటు రెట్టింపు చేస్తారు. ఇవ్వకపోతే సామాను దించరు. మీ మంచాలు, పిల్లల పుస్తకాలు, వంటసామాను అన్నీ వాళ్ల చేతిలో ఉన్నాక మీరేం బేరమాడగలరు? అదే ముందుగా ఇల్లు చూసి, వస్తువుల జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే "ఎక్కువుంది" అనే మాటకి చోటుండదు. ఇచ్చిన రేటు ఖాయమా, అంచనా మాత్రమేనా అన్నది కూడా అదే కాగితం మీద రాయించుకోండి. అంచనా అయితే ఎంత వరకు పెరగొచ్చో అడగండి.

తూకం మీద చార్జీ వేసేవాళ్లయితే ఖాళీ లారీ తూకం చీటీ, లోడుతో తూకం చీటీ, రెండూ అడగండి. రెండింటి మీదా లారీ నంబరు ఒకటేనా చూడండి. ఖాళీగా తూచాక ట్యాంకు నిండా డీజిల్ కొట్టించినా, రెండోసారి కూలీలు బండిలోనే కూర్చున్నా ఆ బరువంతా మీ లెక్కలో పడుతుంది. వీలైతే కాటా దగ్గరికి మీవాళ్లు ఒకరు వెళ్లి నిలబడటం మంచిది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది లోడింగ్ రోజు పెట్టించే సంతకాలు. జాబితాలో ప్రతి వస్తువు పక్కన "గీతలున్నాయి", "సొట్టలున్నాయి" అని వరసగా రాసుకుంటూ పోయేవాళ్లని చూశాను. నిన్నగాక మొన్న కొన్న ఫ్రిజ్ పక్కన కూడా అదే మాట. హడావుడిలో మీరు సంతకం పెట్టేస్తారు. తర్వాత నిజంగా సొట్ట పడితే ఆ కాగితమే చూపిస్తారు. ఒప్పుకోని మాట కొట్టేసి, పక్కన మీ చేత్తో "బాగుంది" అని రాయండి. లోడింగ్‌కి ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ఖాళీ గడులున్న కాగితం మీద సంతకం వద్దే వద్దు. దించేటప్పుడు పెట్టెలు విప్పకుండానే "అన్నీ సరిగ్గా అందాయి" అని రాయమంటే, "పెట్టెలు ఇన్ని అందాయి, లోపల ఇంకా చూడలేదు" అని రాసి సంతకం పెట్టండి.

ఇన్సూరెన్స్ ఉందన్న మాట విని ధైర్యం తెచ్చుకోకండి. కొన్నిచోట్ల కంపెనీ హామీ వస్తువు విలువని బట్టి కాదు, బరువుని బట్టి ఉంటుంది. తేలికగా ఉండే టీవీ పగిలితే చేతికొచ్చేది చిల్లరే. మీరే సర్దుకున్న పెట్టెలో పగిలినవాటికి చాలా పాలసీలు వర్తించవు. పాలసీ కాగితం చేతికొచ్చాకే నమ్మండి. నగలు, సర్టిఫికెట్లు, మందులు మాత్రం ఎవరి లారీలోనూ వేయొద్దు, మా లారీలో కూడా.

ఇక మా తప్పొకటి చెప్పాలి. పోయిన సీజన్‌లో పని ఎక్కువై, ఒక కుటుంబం సామాను వాళ్లకి చెప్పకుండా వేరే ఆపరేటర్ లారీలో పంపాం. దారిలో లారీ మారింది, మూడు పెట్టెలు వెనకబడ్డాయి. ఐదు రోజులకి దొరికాయి. ఆ ఐదు రోజులూ ఆ ఇంటివాళ్లు పడ్డ టెన్షన్‌కి కారణం మేమే. బుకింగ్ ఒకరు తీసుకుని లోడు ఇంకొకరికి అమ్ముకునే బ్రోకర్ల గురించి అందరికీ చెబుతూ, నేనూ అదే పని చేశాను. ఇకపై లోడు ఎవరి లారీలో వెళుతుందో, ఆ లారీ నంబరేంటో ముందు రోజే మీకు మెసేజ్ వస్తుంది. వచ్చిన లారీ నంబరు అది కాకపోతే ఎక్కించనివ్వకండి, ఆఫీసుకి ఫోన్ చేయండి.

అడ్వాన్స్ కూడా కొటేషన్ మీద సంతకాలయ్యాకే తీసుకుంటాం, పదో వంతుకి మించదు, అదీ కంపెనీ పేరున్న ఖాతాలోకే. మా పేరు చెప్పి ఎవరైనా సొంత నంబరుకి డబ్బు పంపమంటే, పంపేముందు మీ పాత బిల్లు మీదున్న నంబరుకి ఒక్క కాల్ చేయండి.

ఇల్లు చూడ్డానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు రేటు కావాలనేవాళ్లు వేరేచోటికి వెళ్తారని తెలుసు. మా రేటు కూడా ఫోన్‌లో వినే రేటుకన్నా ఎక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే అటక మీదున్నవీ, మంచం కిందున్నవీ అందులో ముందే కలిపి ఉంటాయి.

ఇప్పటికే మా దగ్గర ఫోన్‌లో రేటు తీసుకున్నవాళ్లకి ఆ రేటే ఉంటుంది. చూశాక సామాను ఎక్కువని తేలినా ఆ తేడా మేమే భరిస్తాం. మా మనిషి వచ్చే రోజు అటక తలుపు ఒక్కటి తీసి ఉంచండి.