క్యాప్సూల్స్ సరే, జొన్నలేవీ?

సంపాదకులకు నమస్కారం.

షుగర్ ఉన్నవాళ్లకు పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెంచుతాయంటూ మా వీధి మందుల షాపులో ఖరీదైన క్యాప్సూల్స్ అంటగడుతున్నారు. మా ఆయనకూ ఇవ్వబోయారు. ముందు ఆ బ్యాక్టీరియాకు తిండి పెట్టాలి కదా! మనకు అరగని పీచును అవి పెద్దపేగులో పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటివల్ల ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే జీఎల్‌పీ-1 హార్మోన్ ఊరుతుంది. రకరకాల పీచు ఎక్కువగా తిన్న టైప్-2 రోగుల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) మిగతావారికంటే ఎక్కువగా తగ్గిందని 2018లో షాంఘై పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో రాశారు.

మా ఇంట్లో రాత్రిపూట జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర, ఒక్కోసారి పొట్టు తీయని పెసలు. మొదట్లో ఆయనకు కడుపుబ్బరం, దాంతోపాటు సణుగుడు. అందుకే కొద్దికొద్దిగా పెంచాం. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మాత్రం మానలేదు, డాక్టరు చెప్పకుండా ఎవరూ మానకూడదు.

మా రేషన్ కార్డుకు ఈ నెల కూడా బియ్యమే వచ్చాయి. జొన్నలు, రాగులు నెలనెలా ఇవ్వమని మీ పత్రిక ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. షుగర్ పరీక్షలు చేసేచోట ఏం తినాలో, ఎలా వండుకోవాలో చెప్పే మనిషిని కూడా కూర్చోబెట్టమనండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి