కేసుల సంఖ్య, హంతకుల సంఖ్య ఒకటి కాదు

సంపాదకుల వారికి,

హుటూ వర్గంలోని అతివాదులు టుట్సీ వర్గంవాళ్లను ఊచకోత కోయించిన రువాండా మారణహోమంపై మీరు వేసిన వ్యాసంలో, ఆ నేరాలను ఊళ్లలోనే విచారించిన గచాచా కోర్టుల కేసులను లెక్కపెట్టి ‘దాదాపు 20 లక్షల మంది హంతకులు’ అని రాశారు. ఇది పెద్ద పొరపాటు. దయచేసి సవరణ వేయండి.

2012లో మూతపడేలోగా ఆ గ్రామ కోర్టులు విచారించిన కేసులు సుమారు 19.6 లక్షలు. వాటిలో మూడింట రెండొంతులు ఆస్తి నేరాలే. చనిపోయినవాళ్ల పశువులు తోలుకుపోవడం, ఇంటి పైకప్పు రేకులు ఊడదీసుకెళ్లడం లాంటివి. అవీ ఘోరమే, కానీ హత్యలు కావు. పైగా ఒకే మనిషి మీద రెండు మూడు కేసులు ఉండొచ్చు, నిర్దోషులుగా బయటపడ్డవాళ్లూ ఉన్నారు.

చంపడానికో, తీవ్రంగా గాయపరచడానికో జరిగిన దాడిలో పాల్గొన్న ప్రతి ఒక్కరినీ కలిపి పరిశోధకుడు స్కాట్ స్ట్రాస్ వేసిన అంచనా 1.75 లక్షల నుంచి 2.10 లక్షలు. అంటే పనిచేసే వయసున్న హుటూ మగవాళ్లలో 14 నుంచి 17 శాతం. ఈ శాతాన్ని బట్టి చూస్తే అలాంటి మగవాళ్లు మొత్తం కలిపినా 12, 13 లక్షలే. మరి 20 లక్షల మంది హంతకులు ఎక్కడి నుంచి వస్తారు?

నేరాన్ని తక్కువ చేసి చూపాలని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. 1994 ఏప్రిల్ నుంచి జులై దాకా కనీసం 5 లక్షల మందిని చంపేశారు, రువాండా ప్రభుత్వ లెక్కలో ఆ సంఖ్య 10 లక్షల పైనే. సైన్యం, ఇంటరహాంవే అనే హుటూ సాయుధ ముఠాలు ముందుండి నడిపినా, వాళ్ల వెంట కత్తులు పట్టుకుని కదిలింది మామూలు రైతులు, పక్కింటివాళ్లు. ఈ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి టాంజానియాలోని అరూషాలో పెట్టిన ట్రిబ్యునల్ అభియోగాలు మోపిన 93 మందితోనే ఈ కథ ముగిసిందనుకుంటే అదీ అబద్ధమే.

అసలు చిక్కు ఎవరిని లెక్కలో వేయాలన్న దగ్గరే ఉంది. దారికి అడ్డంగా నిలబడి, గుర్తింపు కార్డు చూసి, టుట్సీ అని తేలినవాళ్లను పక్కకు లాగి, తన చేత్తో మాత్రం ఎవరినీ నరకనివాడి సంగతేమిటి? నా దృష్టిలో అతను కచ్చితంగా లెక్కలోకి వస్తాడు. రేకులు ఎత్తుకెళ్లినవాడు ఈ లెక్కలోకి రాడు, అతని నేరం వేరు.

పనిచేసే వయసున్న హుటూ మగవాళ్లలో ఆరేడుగురికి ఒకరు దాడికి వెళ్లారన్నదే గుండె బరువెక్కించే నిజం. 20 లక్షలని రాయడమంటే ‘హుటూలందరూ’ అన్నట్టే. అలా రాస్తే, దాడికి వెళ్లనివాళ్లనూ, ప్రాణాలకు తెగించి టుట్సీలను ఇంట్లో దాచినవాళ్లనూ హంతకుల్లో కలిపేసినట్టే. వెళ్లినవాళ్లకేమో, అందరూ చేసిందే నేనూ చేశానని చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఇకపై ఇలాంటి అంకె వేసేటప్పుడు అది కేసులదా, మనుషులదా, అందులో ఏ నేరాలు కలిశాయో పక్కనే ఒక్క వాక్యంలో రాయండి.

- ఒక పాఠకుడు