ఎస్‌టీఐ కొన్న మా అమ్మాయికి

చి. మధుకి,
నాన్న ఆశీర్వదించి రాయునది.

నీ 2018 సుబారు ఎస్‌టీఐ కారు ఫొటోలు చూశాం. మీ అమ్మ రంగు బాగుందంది. 305 హార్స్‌పవర్, ఆరు గేర్లు, నాలుగు చక్రాలకీ లాగుడు. మిషిగన్ మంచులో ఈ బండి కదలదన్న బెంగ నాకు లేదు, ఆగదనే బెంగ. ఆల్ వీల్ డ్రైవ్ బయల్దేరడానికే సాయం చేస్తుంది. బ్రేకు తొక్కాక పట్టంతా టైరుదే. చలి ముదిరేలోపు నాలుగుకి నాలుగూ వింటర్ టైర్లు వేయించు.

ఇక ఆయిల్. ఈ 2.5 లీటర్ల టర్బో ఇంజన్ ఆయిల్ తాగే రకం. రెండుసార్లు పెట్రోలు పోయించావంటే ఒకసారి డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) చూడాలి. చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి, ఐదు నిమిషాలాగు. తుడిచి మళ్లీ ముంచి చూడు. పై గీతకీ కింది గీతకీ మధ్య దాదాపు ఒక క్వార్టు (లీటరుకి కొంచెం తక్కువ). ఇంజన్‌కి మొత్తం పట్టేదే నాలుగున్నర క్వార్టులు. కింది గీతకి దిగిందంటే ఐదో వంతు పోయినట్టే. ఆ స్థితిలో మలుపు గట్టిగా తిప్పితే ఆయిల్ ఓ పక్కకి జరిగి, పంపు గాలి పీల్చి, పిస్టన్ రాడ్లు తిరిగే బేరింగులు అరిగిపోతాయి. దీపం వెలిగేదాకా ఆగకు.

ఈ ఇంజన్‌కి వేగం కంటే బద్ధకపు డ్రైవింగే ఎక్కువ చేటు. ఆరో గేర్లో నలభై మైళ్ల దగ్గర యాక్సిలరేటర్ అదిమావనుకో, తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే టర్బో ఒత్తిడి పెరిగి నాక్ వస్తుంది, అంటే ఇంధనం అదుపు తప్పి పేలి పిస్టన్‌ని కొడుతుంది. పోత పిస్టన్లు కదా, రింగుల మధ్య గట్టు విరుగుతుంది, ఎక్కువగా నాలుగో సిలిండర్లో. నీలం పొగ వచ్చినా, ఆయిల్ తగ్గడం ఉన్నట్టుండి పెరిగినా లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లోంచి గాలి ఎంత కారుతోందో చూసే పరీక్ష) చేయించు. గేరు దించాకే తొక్కు. పెట్రోలు 93 ఆక్టేనే పోయించు. ట్యూన్ చేయించకుండా, అంటే ఇంజన్ కంప్యూటర్ లెక్కలు సరిచేయించకుండా, గాలి పీల్చే బయటి ఇన్‌టేక్ గొట్టం మాత్రం పెట్టించకు. గొట్టం వ్యాసం మారితే సెన్సర్ గాలి లెక్క తప్పుతుంది, ఇంధనం తగ్గి మళ్లీ అదే నాక్.

టైర్ల సైజు 245/35 ఆర్19. నాలుగింటి ట్రెడ్ (టైరు గాడుల) లోతుల్లో తేడా అంగుళంలో 2/32 దాటకూడదు. ఒక్కటే కొత్తది వేస్తే దాని చుట్టుకొలత పెద్దది, తిరిగే చుట్లు తక్కువ. ఆ తేడాని ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే సెంటర్ డిఫరెన్షియల్ రోజంతా సర్దుతూ వేడెక్కి అరిగిపోతుంది. మన ఆటోనగర్‌లో అడిగినట్టు ‘ఒక్కటివ్వు’ అనకు. పాతవాటి లోతుకి సరిపడా కొత్త టైరును చెక్కి ఇచ్చే షాపులు అక్కడున్నాయి. పొడి రోడ్డు మీద ఆ డిఫరెన్షియల్ స్విచ్‌ని లాక్‌లో పెట్టి పార్కింగ్‌లో తిప్పావో, టైర్లు గెంతుతాయి. స్విచ్‌ని ఆటో మోడ్‌లోనే వదిలెయ్.

సిగ్నల్ దగ్గర గుర్రంలా దూకించకు. టైర్లు జారవు కాబట్టి ఆ దెబ్బంతా క్లచ్ మీదే పడుతుంది. ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ లారీయే పిలువు, ముందు చక్రాలెత్తి లాక్కెళ్లనివ్వకు.

టైమింగ్ బెల్ట్ గడువు లక్షా ఐదు వేల మైళ్లు. తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. పాత యజమాని మార్పించి ఉంటే రసీదు తీసుకో. లేకపోతే బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్లు, వాటర్ పంపు అన్నీ ఒకేసారి చేయించు.

ఈ శనివారం ట్రెడ్ గేజ్ కొను. ఒక్కో టైరుకి లోపలి అంచు, మధ్య, బయటి అంచు చొప్పున పన్నెండు కొలతలు వస్తాయి. అవి నాకు పంపు.

మీ నాన్న