సంతకం పెట్టనివాణ్ణి నేనే

సంపాదకులు గారికి,

నమస్కారం. రైతుల ఖాతాల్లో డబ్బు పడిందని పేపర్లో చూసినప్పుడల్లా నాకు కాస్త సిగ్గుగా ఉంటుంది. ఆ రైతుల లెక్కలో నేనూ ఉన్నాను మరి. అమలాపురంలో చిన్న ఫ్యాన్సీ కొట్టు నడుపుకుంటాను. ఊళ్లో నా వాటాకి వచ్చిన రెండెకరాల చేను ఇరవై ఏళ్ల కిందటే కౌలుకిచ్చేశాను. ఇప్పుడు చేస్తున్నాయన మూడో మనిషి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వెళ్లి చూస్తే కోతకొచ్చిన సార్వా (ఖరీఫ్ వరి) చేను చాప పరిచినట్టు పడుంది. మురుగు కాలువ లాగడం లేదు, పిక్కల్లోతు నీళ్లు. మా రైతూ ఆయన భార్యా పడిపోయిన దుబ్బుల్ని నాలుగేసి చొప్పున లేవనెత్తి కట్టలు కడుతున్నారు. నాలుగు రోజులయ్యేసరికి కంకుల మీదే తెల్లగా మొలకలు. లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి కొడితే మొలక ఆగుతుందని ఎవరో చెబితే, ఊళ్లో కిరాణా కొట్లో ఉన్న గళ్లుప్పంతా తెచ్చి కొట్టారు.

నష్టం రాసుకోవడానికి వచ్చిన కుర్రాడు ఫోన్లో ప్రభుత్వ పంట నమోదు చూసి, "ఈ-పంటలో పేరు మీదే ఉందండీ" అన్నాడు నాతో. నేను చెప్పులేసుకుని గట్టు మీద ఉన్నాను. చేలో ఉన్నాయన తలెత్తి చూసి మళ్లీ కట్టలు కట్టుకోవడంలో పడ్డాడు. నవంబరు 19న పీఎం కిసాన్ రెండు వేలు కూడా నా ఖాతాలోనే పడ్డాయి.

కౌలు కార్డు కోసం ఆయన నన్ను రెండుసార్లు అడిగాడు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. "చూద్దాంలే" అన్నాను. మూడోసారి అడగలేదు. మా ఇళ్లలో చిన్నప్పటినుంచీ ఒకటే మాట: కౌలుదారు పేరు కాగితమెక్కితే భూమి చెయ్యి దాటిపోయినట్టే. 1956 కౌలు చట్టం నాటి భయం అది. కొత్త చట్టంలో ఒప్పందం 11 నెలలే, హక్కు పంట మీదే తప్ప భూమి మీద కాదు. ఆ సంగతి నేను చదివింది తుపాను వెళ్లాకే.

నిజం చెప్పాలంటే భయం ఒక్కటే కాదు. భూమి పాస్‌బుక్ పెట్టి నేను పంట రుణం తెచ్చుకున్నాను. వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 పడుతుంది. ఆ డబ్బుతో కొట్లోకి గాజులూ రిబ్బన్లూ కొన్నాను. ఇలా చేసేది నేనొక్కణ్ణే కాదని మా బజారులో అందరికీ తెలుసు. మా రైతు తెచ్చుకునేది రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతం.

ఆ సార్వాలో ఎకరానికి 18 బస్తాలు దాటలేదు. శిస్తు, అంటే నాకివ్వాల్సిన కౌలు, 12. మిగిలేవి ఆరు. క్వింటాలుకి 2,369 మద్దతు ధర లెక్కన 75 కిలోల బస్తా 1,777 రూపాయలు, ఆరింటికీ పదివేల చిల్లర. ఆయన పెట్టుబడి అంతకి మూడింతలు. శిస్తులో సగం వదిలేశాను. దానికి నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు. మా పక్క చేను ఆసామి వదల్లేదు, అడిగేవాళ్లూ లేరు.

2011లో వచ్చిన చట్టంలో ఈ సంతకం బెడద లేదు. కౌలుదారు ఎవరో గ్రామసభలో తేల్చి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. ఊళ్లో ఎవరి చేను ఎవరు చేస్తున్నారో తెలియనిదెవరికి? అదే ఏడు కోనసీమలో సార్వా నాట్లు వేయకుండా క్రాప్ హాలిడే అన్నారు. శిస్తులు ఆగాయి కాబట్టి అప్పుడు మా యజమానులమూ గట్టిగానే అరిచాం. ఎనిమిదేళ్లు తిరిగేసరికి కార్డుకి మా సంతకం అడ్డొచ్చింది. ఈసారి ఎవరం అరవలేదు. ప్రభుత్వం ఆ నిబంధన తీసేసి గ్రామసభకే వదిలేయాలని నా మనవి. నాలాంటివాళ్లు మంచి మనసుతో వచ్చి సంతకం పెడతారని కూర్చుంటే కుదరదు, నాకే ఇన్నాళ్లు పట్టింది.

సంక్రాంతి ముందు వెళ్లి సంతకం పెట్టాను. కార్డు వచ్చింది. అది పట్టుకుని ఇద్దరం బ్యాంకుకి వెళ్లాం. ఆ సర్వే నంబరు మీద ఇప్పటికే నా లోను ఉందట, అది తీరితే చూద్దామన్నారు. చేసేవాడి పంట చూసి అప్పివ్వాలి గానీ, యజమాని పాత బాకీ చూసి ఆపేస్తే ఆ కార్డు ఎందుకు? బయటికొచ్చాక, "పోనీలెండి, పేరన్నా ఎక్కింది కదండీ" అన్నాడాయన. జూన్‌లోగా నా బాకీ కట్టేస్తానని చెప్పాను. దాళ్వా (రబీ వరి) నాట్లు అప్పటిదాకా ఆగవు కదా, మళ్లీ రెండు రూపాయలకే తెచ్చుకున్నాడు.

ఇట్లు,
ఒక భూయజమాని,
అమలాపురం, కోనసీమ జిల్లా