ఆ మంచు పల్లె ఎవరిదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సినిమా పేజీలో విదేశీ భయానక చిత్రాలను పరిచయం చేస్తూ, 1952 నాటి ఫిన్లాండ్ చిత్రం 'వల్కోయినెన్ పెవురా' (తెల్ల రెయిన్‌డీర్)ను లాప్ జాతి మారుమూల పల్లెలో దాగిన చీకటి రహస్యాల కథగా, క్షుద్రశక్తుల కథగా నాలుగు వాక్యాల్లో చెప్పి ముగించారు. మా అమ్మాయి దగ్గర ఉండటానికి వచ్చి ఈ చలికాలం ఎస్పో నగరంలో గడుపుతున్న నేను ఆ చిత్రాన్ని హెల్సింకీలోని 'ఓడి' అనే పౌర గ్రంథాలయంలో చూశాను. (మన చెవికి ఆ పేరు ఎలా వినిపించినా, వారి భాషలో దానికి స్తుతిగీతం అని అర్థం.) పుస్తకాల మధ్యనే అక్కడ కినో రెగీనా అనే సినిమా హాలు ఉంది. దాన్ని నడిపేది అక్కడి జాతీయ దృశ్య శ్రవణ భాండాగారం. పాత నెగెటివ్‌లను శుభ్రం చేసి 4కె నాణ్యతలో ఈ చిత్రాన్ని పునరుద్ధరించిందీ ఆ సంస్థే. మీ నాలుగు వాక్యాల్లో తప్పిపోయిన ఒక విషయాన్ని తోటి పాఠకుల ముందు పెట్టడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిత్రం గొప్పదనడంలో నాకు సందేహం లేదు. దర్శకుడు ఎరిక్ బ్లోంబెర్గ్ స్వతహాగా ఛాయాగ్రాహకుడు కావడం వల్ల, ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్ మంచు కొండల మీద తెలుపులోనే ఎన్ని రకాల తెలుపులుంటాయో కెమెరాతో పట్టుకున్నాడు. ఆయనతో కలిసి కథ రాసి, నాయికగా నటించింది ఆయన భార్య మిర్యామి కువోస్మనెన్. 1953లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో కవి, దర్శకుడు జాన్ కాక్తో అధ్యక్షుడిగా ఉన్న న్యాయనిర్ణేతల సంఘం దీనికి జానపద గాథా చిత్రాల విభాగంలో బహుమతి ఇచ్చింది. కథలో పిరితా అనే కొత్త పెళ్లికూతురు, భర్త అస్లాక్ రెయిన్‌డీర్ మందల వెంట రోజుల తరబడి వెళ్లిపోతుంటే ఒంటరితనం తట్టుకోలేక, వశీకరణ మందు కోసం ఒక మంత్రగాడిని ఆశ్రయిస్తుంది. ఇంటిదారిలో మొదట ఎదురైన ప్రాణిని రాతి దేవుడికి బలి ఇవ్వాలని అతడు చెబుతాడు. ఎదురైనది భర్త ముచ్చటపడి కానుకగా ఇచ్చిన తెల్ల రెయిన్‌డీర్ పిల్ల. అక్కడి నుంచి ఆమె తానే తెల్ల రెయిన్‌డీర్‌గా మారి, తరుముతూ వచ్చిన మగవాళ్లను చంపుతూ పోతుంది. చూడనివారి కోసం ముగింపు చెప్పను గానీ, మంత్రగత్తెను చంపడానికి ఊళ్లో ఇనుప బల్లేలు సాగగొట్టే సన్నివేశం నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. ఆమె ఒంటరిగా కుమిలిపోతున్నప్పుడు పలకరించని ఊరు, ఆమెను చంపే పనికి మాత్రం ఏకమవుతుంది.

అయితే ఆ ఊరు ఎవరిది? తెర మీద కనిపించే దుస్తులు, పేర్లు, దేవుడు, మందల జీవితం అన్నీ అక్కడి ఆదివాసులైన సామీ ప్రజలవి. మీరు లాప్ జాతి అన్నది వీరినే. కథ రాసినవారు, తీసినవారు, ప్రధాన పాత్రలు ధరించినవారు ఫిన్నిష్ వాళ్లు. చిత్రంలో రక్తం కోరే ఆ రాయిని ఫిన్నిష్‌లో 'సెయితా' అంటారు. సామీల పాత విశ్వాసంలో అది వేట బాగుండాలని, చేపలు దొరకాలని, మందలు క్షేమంగా ఉండాలని కొమ్ములో, చేప కొవ్వో సమర్పించుకునే పవిత్ర స్థలం. మంత్రగాడిగా చూపిన 'నొయైది' వారికి వైద్యుడు, జోస్యుడు, ఆపదలో ఊరికి పెద్ద దిక్కు. 17, 18 శతాబ్దాల్లో నార్డిక్ దేశాల మతాధికారులు వీరి డోలకలను సైతాను పనిముట్లని గుంజుకుని తగలబెట్టారు. నార్వే వైపు 1691లో ఆండర్స్ పౌల్సెన్ అనే ముసలి నొయైది దగ్గర లాక్కున్న డోలక డెన్మార్క్ మ్యూజియం సొత్తుగా మారి, మళ్లీ సామీల యాజమాన్యంలోకి రావడానికి 2022 దాకా పట్టింది. ఈ చరిత్ర తెలిశాక అదే రాయిని, అదే మంత్రగాడిని తెర మీద చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఇంకొక మాట. చిత్రంలోని పల్లె కాలం తెలియని కట్టుకథల పల్లెలా ఉంటుంది. నిజానికి చిత్రం తీయడానికి ఏడెనిమిదేళ్ల ముందే, 1944-45లో, వెనుదిరిగిన జర్మన్ సైన్యం లాప్‌లాండ్‌లో చాలా ఊళ్లను కాల్చి బూడిద చేసింది. యుద్ధం తరువాతి దశాబ్దాల్లో సామీ పిల్లలను ఇళ్లకు దూరంగా బడి వసతి గృహాల్లో ఉంచి ఫిన్నిష్‌లోనే చదివించారు. ఎందరో తల్లి భాష పోగొట్టుకున్నారు. ఆ గాయాలను విని నమోదు చేయడానికి ఫిన్లాండ్ ప్రభుత్వం 2021లో సత్య, సయోధ్య కమిషన్‌ను నియమించింది. చీకటి రహస్యం అనే మాటను వాడదలిస్తే, ఆ వసతి గృహాలకు వాడితే సరిపోతుంది.

ఈ మాట రాయడానికి నాకు కొంత సిగ్గు కూడా అడ్డం వచ్చింది. పాడేరు ప్రాంతంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో పదకొండేళ్లు తెలుగు చెప్పాను. తరగతిలో తమ ఇంటి భాష కువి మాట్లాడిన గిరిజన పిల్లలను బల్ల ఎక్కించి నిలబెట్టిన రోజులున్నాయి. వారి ఊళ్లలో విత్తనాలకూ పండుగకూ మంచిరోజు చూసే దిసారిని, కొండకు మొక్కే మొక్కును మన సినిమాలు ఏనాడూ ఉన్నవి ఉన్నట్టు చూపలేదు. మన కథలకు గూడెం కావలసి వచ్చేది నరబలికీ చేతబడికీ మాత్రమే. సంతలో మనకు పసుపు, కాఫీ గింజలు అమ్మిన మనుషులే, తెర మీదికి వచ్చేసరికి ఈకలు గుచ్చుకుని కేకలు వేస్తారు.

ఇతరుల ఊరిని కథకు వాడుకోకూడదని నేను అనడం లేదు. అడిగి వాడుకునే పద్ధతి ఒకటి వచ్చింది. తెలుగులోనూ మన పిల్లలు చూసిన 'ఫ్రోజెన్ 2' కోసం డిస్నీ సంస్థ 2019లో సామీ ప్రతినిధులతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, వారి సలహాలు తీసుకుని, ఉత్తర సామీ భాషలో కూడా చిత్రాన్ని విడుదల చేసింది. ఇనారీలో ఉన్న సామీ పార్లమెంటు 2018లో పర్యాటక వ్యాపారులకు నియమావళి ప్రకటించింది. నకిలీ సామీ దుస్తులు వేసుకుని మంత్రగాళ్లుగా నటించి యాత్రికులను అలరించవద్దన్నది అందులోని సారాంశం. ఉత్తర ధ్రువ కాంతులు చూడటానికి రొవానియెమి వెళ్లే తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. మొహానికి మసి పూసే అలాంటి మంత్రగాడితో ఫోటో దిగేముందు ఈ సంగతి వారికీ తెలియాలి.

కాబట్టి మీ సినిమా పేజీ బాధ్యులకు నా విన్నపం. ఈ చిత్రాన్ని పాఠకులు తప్పక చూడాలని మళ్లీ రాయండి. రాసేటప్పుడు ఆ పల్లె, ఆ దేవుడు ఎవరివో, వాటిని తెరకెక్కించింది ఎవరో ఒక్క వాక్యం చేర్చండి. మన ఏజెన్సీ గూడేలను చూపే భయానక చిత్రాల సమీక్షల్లోనూ ఆ ఒక్క వాక్యానికి చోటివ్వండి. 'లాప్' అన్నది ఇతరులు పెట్టిన పేరు, అందులో చిన్నచూపు ఉందని వారే చెబుతున్నారు. వారు తమను తాము పిలుచుకునే పేరు 'సామీ'. వచ్చే సంచికలో కనీసం ఆ ఒక్క పదాన్నయినా సవరించగలరని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
విజయనగరం (ప్రస్తుతం ఎస్పో, ఫిన్లాండ్)